హైదరాబాదు నుంచి లండన్‌కు: విమాన దూరాన్ని, ప్రయాణ సమయాన్ని లెక్కకట్టడం ఎలా?

హైదరాబాదు నుంచి లండన్ ఎంత దూరమని, ఎన్ని గంటల ప్రయాణమని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క సంఖ్య చెబుతారు. వాటిలో చాలావరకు తప్పులు కావు. ఒకరు చెప్పేది భూమి మీద ఆ రెండు విమానాశ్రయాల మధ్య ఉన్న అతి తక్కువ దూరం. మరొకరు చెప్పేది విమానం నిజంగా వెళ్లిన దారి పొడవు. ఒకరు గాలిలో ఉన్న సమయాన్ని చెబితే, ఇంకొకరు ఇంట్లో తాళం వేసినప్పటి నుంచి అవతలి ఇంటి తలుపు తట్టేవరకు పట్టిన సమయాన్ని చెబుతారు. వీటిలో ఏది మనకు కావాలో ముందుగా తేల్చుకొని, దానిని ఎవరికి వారే లెక్కకట్టుకోవడం కష్టమైన పని కాదు. కాగితం, సైన్ కొసైన్‌లు ఉన్న క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో అవి కనిపిస్తాయి. విదేశంలో ఉన్న పిల్లల దగ్గరకు మొదటిసారి బయలుదేరే తల్లిదండ్రులకు, వేళ తప్పకుండా మందులు వేసుకోవలసినవారికి, మధ్యలో విమానం మారవలసినవారికి ఈ లెక్క నిజంగా అక్కరకు వస్తుంది.

ఈ వ్యాసంలో ప్రధాన ఉదాహరణగా హైదరాబాదు–లండన్ మార్గాన్ని తీసుకుంటున్నాను. ఎదురుగాలి, మూసిన గగనతలాలు, గడియారాల తేడా అనే మూడు చిక్కులూ ఆ ఒక్క మార్గంలోనే ఎదురవుతాయి కాబట్టి, దానిని లెక్కించగలిగినవారు మరే మార్గాన్నైనా లెక్కించగలరు.

మొదటి పని: స్థానాలు సరిగ్గా రాసుకోవడం

లెక్క నగరాల మధ్య కాదు, విమానాశ్రయాల మధ్య వేయాలి. శంషాబాద్ విమానాశ్రయం సుమారు 17.23 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. లండన్ హీత్రో సుమారు 51.47 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 0.45 డిగ్రీల పశ్చిమ రేఖాంశం వద్ద ఉంది. ఏ మ్యాప్ యాప్‌లోనైనా విమానాశ్రయం మీద వేలు నొక్కి ఉంచితే ఈ అంకెలు కనిపిస్తాయి. లండన్‌కు హీత్రో ఒక్కటే కాదు. గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్ కూడా ఉన్నాయి. ఆకాశంలో ఈ తేడా లెక్కలోకి రానంత చిన్నది, కానీ నేల మీద గంటల్లో తేలుతుంది కనుక టికెట్టు మీద ఏ విమానాశ్రయం రాసి ఉందో చూసుకోవాలి.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. పాత పటాల్లో స్థానాలు డిగ్రీలు, నిమిషాల్లో ఉంటాయి. 17 డిగ్రీల 14 నిమిషాలంటే 17.14 కాదు, 14ను 60తో భాగించగా వచ్చే 17.23. అక్కడ తప్పితే స్థానం పది కిలోమీటర్లు జరిగిపోతుంది. రెండో పొరపాటు ఇంతకంటే పెద్దది. పశ్చిమ రేఖాంశానికి ముందు రుణ గుర్తు తప్పనిసరిగా పెట్టాలి. హీత్రో సున్నా డిగ్రీల రేఖాంశమైన గ్రీనిచ్ రేఖకు దగ్గరగానే ఉంది కాబట్టి గుర్తు మరిచినా పెద్ద నష్టం లేదు. కానీ చికాగో విషయంలో మైనస్ 87.90కి బదులు 87.90 అని రాస్తే మన లెక్క అమెరికాకు కాక చైనాలోని షిన్‌జియాంగ్‌కు చేరుతుంది.

రెండో పని: అతి తక్కువ దూరం

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి ఆ రెండింటినీ కలుపుతూ భూమిని సరిగ్గా సగానికి కోసే వృత్తం మీద ఉంటుంది. దానిని మహావృత్తం అంటారు. లెక్క ఇలా సాగుతుంది. రెండు అక్షాంశాల సైన్‌లను గుణించాలి. ఆ తరువాత రెండు అక్షాంశాల కొసైన్‌లను, వాటితోపాటు రేఖాంశాల తేడా కొసైన్‌ను గుణించాలి. ఈ రెండు లబ్ధాలను కలిపి, విలోమ కొసైన్ (క్యాలిక్యులేటర్‌లో cos⁻¹ మీట) తీస్తే భూకేంద్రం దగ్గర ఏర్పడే కోణం వస్తుంది. ఒక్కొక్క డిగ్రీకి 111.195 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే అదే దూరం. భూమి సగటు వ్యాసార్ధాన్ని 6,371 కిలోమీటర్లుగా తీసుకోవడం వల్ల ఆ 111.195 వచ్చింది. క్యాలిక్యులేటర్ రేడియన్లలో (కోణాలకు మరో కొలమానం) కాక డిగ్రీల్లో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

మన ఉదాహరణలో సైన్‌లు 0.2962, 0.7823, వాటి లబ్ధం 0.2317. కొసైన్‌లు 0.9551, 0.6229. రేఖాంశాల తేడా 78.43కు 0.45 కలపగా 78.88 డిగ్రీలు, దాని కొసైన్ 0.1929. ఈ మూడింటి లబ్ధం 0.1147. మొత్తం 0.3464. విలోమ కొసైన్ 69.73 డిగ్రీలు. దానిని 111.195తో గుణిస్తే సుమారు 7,750 కిలోమీటర్లు. భూమి ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకుపోయి ఉండటం వల్ల ఈ పద్ధతిలో అర శాతం వరకు తేడా రావచ్చు. ప్రయాణికుడికి అది పట్టించుకోవలసినంత తేడా కాదు. అంకెలను మధ్యలో మరీ కుదించకుండా క్యాలిక్యులేటర్ ఇచ్చినవి ఇచ్చినట్లే ఉంచుకోవడం మంచిది, ముఖ్యంగా నగరాలు దగ్గరగా ఉన్నప్పుడు.

దగ్గరి నగరాలకైతే ఇంత శ్రమ కూడా అక్కరలేదు. హైదరాబాదు, విశాఖపట్నం విమానాశ్రయాల మధ్య అక్షాంశాల తేడా 0.49 డిగ్రీలు, రేఖాంశాల తేడా 4.79 డిగ్రీలు. రేఖాంశాల తేడాను ఆ ప్రాంతపు సగటు అక్షాంశమైన 17.5 డిగ్రీల కొసైన్‌తో, అంటే 0.954తో గుణిస్తే 4.57 అవుతుంది. ఇక బడిలో నేర్చుకున్న లంబకోణ త్రిభుజం లెక్కే: 0.49 వర్గం, 4.57 వర్గం కలిపి వర్గమూలం తీసి 111.195తో గుణిస్తే సుమారు 510 కిలోమీటర్లు. ఇదే పద్ధతిలో హైదరాబాదు–ఢిల్లీ సుమారు 1,265 కిలోమీటర్లు వస్తుంది.

ఇంట్లో గ్లోబు ఉంటే పిల్లల చేత దారంతో కొలిపించండి. ముప్ఫై సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు మీద ఒక సెంటీమీటరు దాదాపు 425 కిలోమీటర్లకు సమానం. హైదరాబాదు నుంచి లండన్‌కు దారాన్ని బిగించి పట్టుకుంటే పద్దెనిమిది సెంటీమీటర్లకు కాస్త పైన వస్తుంది. గోడ మీది పటం చూపించనిదాన్ని ఆ దారం చూపిస్తుంది. పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే దాని మధ్యబిందువు సిరియా ప్రాంతంలో పడుతుంది. గ్లోబు మీది దారం మధ్యబిందువు కాస్పియన్ సముద్రపు పడమటి ఒడ్డున, అజర్‌బైజాన్‌లో పడుతుంది. అదే దారాన్ని హైదరాబాదు నుంచి చికాగోకు లాగితే అది 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, ఉత్తర ధ్రువానికి అతి చేరువగా వెళ్లి దిగుతుంది. అమెరికా వెళ్లే విమానం మంచు సముద్రాల మీదుగా ఎందుకు వెళుతుందని ఆశ్చర్యపడేవారికి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

దూరాన్ని మైళ్లలో చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సాధారణ మైలు 1.609 కిలోమీటర్లు, విమానయానంలో, నౌకాయానంలో వాడే నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. మన 7,750 కిలోమీటర్లు మొదటి లెక్కలో సుమారు 4,820 మైళ్లు, రెండో లెక్కలో సుమారు 4,185 మైళ్లు అవుతాయి. రెండు చోట్ల రెండు సంఖ్యలు కనిపిస్తే ముందుగా ఏ మైలో చూడండి.

మూడో పని: విమానం నిజంగా వెళ్లే దారి

మహావృత్తం లెక్కకు ఆధారమే తప్ప, విమానం తూచా తప్పకుండా దాని మీదే వెళ్లదు. హైదరాబాదు–లండన్ మహావృత్తం పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్, అఫ్గానిస్తాన్ నైరుతి అంచు, ఇరాన్ ఈశాన్య భాగం, కాస్పియన్ సముద్రం, అజర్‌బైజాన్ దాటి, కాకసస్ పర్వతాల మీదుగా, రష్యా దక్షిణ కొస దాటి ఉక్రెయిన్‌లోకి, అక్కడి నుంచి మధ్య ఐరోపాలోకి వెళుతుంది. ఉక్రెయిన్ గగనతలం 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైనప్పుడు పౌర విమానాలకు మూతపడింది. అదే ఏడాది రష్యా తన గగనతలాన్ని బ్రిటన్, ఐరోపా విమాన సంస్థలకు మూసివేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారతీయ విమాన సంస్థలకు దారి ఆపింది. అంటే ఒకే రెండు నగరాల మధ్య, ఒకే రోజున, ఏ దేశపు సంస్థ విమానం ఎక్కారన్నదాన్ని బట్టి కూడా దారి పొడవు మారుతుంది. ఇంధనం ఖర్చు, టికెట్టు ధర, కొన్నిసార్లు మధ్యలో ఇంధనం కోసం ఆగవలసి రావడం, ఇవన్నీ దీనితో ముడిపడినవే.

కాబట్టి మహావృత్తపు దూరానికి కొంత కలుపుకోవాలి. దేశంలోపలి మార్గాలకు మూడు నుంచి ఐదు శాతం, ఇలాంటి చుట్టుదారి మార్గాలకు ఐదు నుంచి పది శాతం కలపడం నా పద్ధతి. లండన్‌కు ఆరు శాతం వేసుకుంటే సుమారు 8,200 కిలోమీటర్లు. ఊహ మీద ఆధారపడటం ఇష్టం లేనివారు ఫ్లైట్‌రాడార్24 వంటి యాప్‌లో మీ విమాన సంఖ్యను వెతికి, గత కొద్ది రోజుల్లో అది వెళ్లిన దారిని, గాలిలో ఉన్న సమయాన్ని చూడవచ్చు. ప్రయాణానికి వారం ముందు ఈ పని చేస్తే ఆ రోజుల్లో అమల్లో ఉన్న దారే కనిపిస్తుంది కాబట్టి, ఏ గణితం కంటే అదే నమ్మదగినది.

నాలుగో పని: దూరాన్ని గంటల్లోకి మార్చడం

సుదూర మార్గాల్లో తిరిగే బోయింగ్ 787 వంటి విమానం పైకి చేరాక గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో, దేశంలోపల ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320 దాదాపు 830 కిలోమీటర్ల వేగంతో వెళతాయి. చిన్న పట్టణాలకు నడిచే ప్రొపెల్లర్ల ఏటీఆర్ వేగం గంటకు 500 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఇవన్నీ గాలితో పోల్చిన వేగాలు. నేలతో పోల్చిన వేగం కావాలంటే గాలిని లెక్కలోకి తీసుకోవాలి.

మన తలల మీద, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి ప్రవాహాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఇది ఉత్తర భారతం మీదుగా గంటకు 150 కిలోమీటర్లకు మించిన వేగంతో వీస్తుంది. వేసవిలో బలహీనపడి ఉత్తరానికి జరుగుతుంది. పడమరకు వెళ్లే విమానానికి అది ఎదురుగాలి, తిరిగి వచ్చే విమానానికి వెనుక నుంచి తోసే గాలి. దారి పొడవునా గాలి ఒకేలా ఉండదు కాబట్టి సగటున 50 కిలోమీటర్లు అనుకుందాం. వెళ్లేటప్పుడు నేల వేగం 850. 8,200ను దానితో భాగిస్తే 9 గంటల 39 నిమిషాలు. వచ్చేటప్పుడు నేల వేగం 950. 8 గంటల 38 నిమిషాలు.

దీనికి మరో 35 నిమిషాలు కలపాలి. గేటు నుంచి రన్‌వే దాకా నెమ్మదిగా సాగడం, పైకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువగా ఉండటం, దిగాక మళ్లీ గేటు దాకా రావడం ఇందులోకి వస్తాయి. హీత్రో చాలా రద్దీ విమానాశ్రయం. దిగేముందు ఆకాశంలో చక్కర్లు కొట్టడం అక్కడ సాధారణమే. ఈ లెక్కన హైదరాబాదు నుంచి లండన్‌కు సుమారు 10 గంటల 15 నిమిషాలు, లండన్ నుంచి హైదరాబాదుకు సుమారు 9 గంటల 15 నిమిషాలు. టికెట్టు మీద వేసే సమయం ఇదే: ఒక గేటు దగ్గర కదిలినప్పటి నుంచి మరో గేటు దగ్గర ఆగేవరకు. కాబట్టి గాలిలో ఉండే సమయం మామూలుగా టికెట్టు మీది సమయం కంటే తక్కువే.

దేశంలోపల ఇంత వివరంగా వేయనక్కరలేదు. కిలోమీటర్లను 800తో భాగించి అరగంట కలపండి. ఢిల్లీకి 1,265ను 800తో భాగిస్తే గంటా ముప్ఫై ఐదు నిమిషాలు, అరగంట కలిపితే రెండు గంటల ఐదు నిమిషాలు. ఢిల్లీ, ముంబయి వంటి రద్దీ చోట్లకు మరో పది నిమిషాలు వేసుకోవాలి.

గడియారాల తేడా

అందరూ తడబడేది ఇక్కడే. బయలుదేరే వేళ బయలుదేరే ఊరి గడియారం ప్రకారం, చేరే వేళ చేరే ఊరి గడియారం ప్రకారం టికెట్టు మీద ఉంటాయి. రెండింటినీ నేరుగా తీసివేయకూడదు. రెండు వేళలనూ ముందు ప్రపంచ ప్రామాణిక కాలమైన యూటీసీలోకి మార్చుకోవాలి. భారత ప్రామాణిక కాలం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది, ఏడాది పొడవునా మారదు. బ్రిటన్ చలికాలంలో యూటీసీతో సమానంగా ఉండి, మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకు ఒక గంట ముందుకు జరుగుతుంది. అంటే మనకూ లండన్‌కూ తేడా చలికాలంలో ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు. అమెరికాలో ఈ మార్పు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం జరుగుతుంది. కాబట్టి మార్చిలో రెండు మూడు వారాలు బ్రిటన్ మారకుండానే అమెరికా మారిపోయి ఉంటుంది. ఆ వారాల్లో లండన్‌లో విమానం మారి అమెరికా వెళ్లేవారు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి.

చలికాలంలో ఒక విమానం హైదరాబాదులో ఉదయం 7:30కు కదిలిందనుకుందాం. యూటీసీలో అది 2:00. పది గంటల పావు కలిపితే 12:15; లండన్‌లో అప్పుడు మధ్యాహ్నం 12:15. టికెట్టు చూసి నేరుగా తీసివేస్తే నాలుగుముప్పావు గంటల ప్రయాణమనిపిస్తుంది. తిరుగు విమానం లండన్‌లో మధ్యాహ్నం 2:00కు కదిలితే, తొమ్మిదింబావు గంటలు కలిపి యూటీసీలో రాత్రి 11:15, హైదరాబాదులో మరుసటి రోజు తెల్లవారుజామున 4:45. ఇక్కడ నేరుగా తీసివేస్తే పద్నాలుగుముప్పావు గంటలు వస్తుంది.

కాలమానాల తేడా ఎంతో తెలియకపోయినా పనిచేసే ఒక చిట్కా ఉంది. నేరుగా తీసివేస్తే వెళ్లే టికెట్టులో రెండు వేళల తేడా 4:45, తిరుగు టికెట్టులో 14:45. రెండూ కలిపి సగం చేస్తే 9:45. ఒక వైపు కాలమానం తగ్గించినదాన్ని రెండో వైపు పెంచుతుంది కనుక అది రద్దయిపోయి, రెండు ప్రయాణాల అసలు సగటు మిగులుతుంది. మన 10:15, 9:15ల సగటు సరిగ్గా అదే. రెండు ప్రయాణాల మధ్యలో బ్రిటన్ గడియారం మారకపోతే ఈ చిట్కా పొరపాటు పోదు.

మందులు వేసుకునేవారు ఊరి వేళలను కాక గడిచిన గంటలను లెక్కపెట్టాలి. ఉదయం ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి మాత్ర వేసుకునే మనిషి చలికాలంలో లండన్ గడియారం చూసి రాత్రి ఎనిమిది దాకా ఆగితే, పన్నెండు గంటలకు బదులు పదిహేడున్నర గంటలు గడిచిపోతాయి. ఇన్సులిన్ తీసుకునేవారు బయలుదేరే ముందే ఈ గంటల లెక్కను కాగితం మీద రాసి వైద్యుడికి చూపించి, మోతాదు వేళలు ఆయన చేతనే రాయించుకోవాలి.

మధ్యలో ఆగితే

మధ్యలో మరో నగరం ఉంటే దూరం బాగా పెరుగుతుందని అనుకుంటాం. దుబాయి మీదుగా లెక్కవేసి చూడండి: హైదరాబాదు–దుబాయి సుమారు 2,550, దుబాయి–లండన్ సుమారు 5,500, మొత్తం 8,050 కిలోమీటర్లు. నేరుగా ఉన్న 7,750 కంటే ఎక్కువైనది నాలుగు శాతమే. కానీ సమయం వేరే మాట. ఒకసారి అదనంగా దిగి ఎక్కడానికి 35 నిమిషాలు, దానిపైన విమానాశ్రయంలో నిరీక్షణ రెండు గంటల నుంచి పది గంటల దాకా ఏదైనా కావచ్చు. అందుకే ఆగి వెళ్లే ప్రయాణాల్లో దూరాన్ని పక్కనపెట్టి నిరీక్షణ సమయాన్నే చూడాలి. రెండు విమానాలూ ఒకే టికెట్టులో ఉంటే మొదటిది ఆలస్యమైనప్పుడు తరువాతి ఏర్పాటు విమాన సంస్థ చూస్తుంది. విడివిడి టికెట్లు కొంటే ఆ బాధ్యత మనదే. సామాను తీసుకొని మళ్లీ అప్పగించవలసి ఉంటుంది కనుక నాలుగు గంటల కంటే తక్కువ వ్యవధి పెట్టుకోవద్దని చెబుతాను. పెద్దవయసువారిని ఒంటరిగా పంపేటప్పుడు, కొన్ని వేలు ఎక్కువైనా నేరు విమానమే మేలన్నది నా అభిప్రాయం.

గడప నుంచి గడప దాకా

విశాఖకు వెళ్లవలసినప్పుడు 510 కిలోమీటర్లకు విమానం గంటంబావు తీసుకుంటుంది. కానీ కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ చేరడానికి గంటన్నర, రెండు గంటల ముందు అక్కడ ఉండటం, దిగాక సామాను కోసం అరగంట, ఇంటికి మరో అరగంట కలిపితే ఐదుముప్పావు గంటలు అవుతుంది. సుమారు 700 కిలోమీటర్ల రైలు దారిలో వందేభారత్ ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది. తేడా ఉంది కానీ, ఆకాశంలోని గంట చూసి అనుకున్నంత లేదు. విశాఖ విమానాశ్రయం నగరంలోనే ఉండటం ఈ లెక్కకు కలిసివచ్చిన విషయం. భోగాపురం విమానాశ్రయానికి వెళ్లే విమానమైతే చివరి అరగంటను గంటకు పైగా మార్చి వేసుకోవాలి. విజయవాడకైతే హైదరాబాదు నుంచి రోడ్డు మీద ఐదు గంటలే కాబట్టి విమానం వల్ల మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

లండన్ ప్రయాణానికి మూడు గంటల ముందు శంషాబాద్‌లో ఉండాలి. హీత్రోలో ఇమిగ్రేషన్, సామాను కలిపి గంట నుంచి గంటన్నర, అక్కడి నుంచి నగర మధ్యానికి ఎలిజబెత్ లైన్ రైలులో ముప్పావు గంట లోపు, పికడిల్లీ లైన్ మెట్రోలో దాదాపు గంట. ఇంటి నుంచి శంషాబాద్ చేరే గంటన్నర కూడా కలిపితే పది గంటల పావు ప్రయాణం పదహారు గంటల పైచిలుకు అవుతుంది.

చివరగా తేదీని చూసుకోవాలి. హైదరాబాదు నుంచి విదేశాలకు వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందే బయలుదేరతాయి. టికెట్టు మీద 15వ తేదీ 00:40 అని ఉంటే 14వ తేదీ రాత్రి భోజనం చేసి ఎనిమిదింటికి ఇంట్లోంచి బయలుదేరాలి. 15 రాత్రికి వెళితే ఆ విమానం వెళ్లిపోయి ఒక రోజవుతుంది. తీసుకురావడానికి వెళ్లేవారికీ ఇదే వర్తిస్తుంది. చేరే వేళ పక్కన ప్లస్ 1 అని చిన్న అక్షరాల్లో ఉంటే అది బయలుదేరిన మరుసటి తేదీ. క్యాబ్ మాట్లాడే ముందు ఆ తేదీని, వారాన్ని కలిపి కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ చూపించండి.